స్టేషన్ గడప దగ్గర బాధితులు: 170 ఏళ్ల చరిత్ర

1854లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో ఒక విచారణ సంఘాన్ని నియమించింది. శిస్తు రాబట్టడానికీ, దొంగతనాలు ఒప్పించడానికీ సర్కారు కింది ఉద్యోగులు జనాన్ని చిత్రహింసలు పెడుతున్నారని ఆ ఏడాది బ్రిటిష్ కామన్స్ సభలో పెద్ద వాదనే జరిగింది. అందులో నిజమెంతో తేల్చడం ఈ సంఘం పని. బాధపడ్డవాళ్లు వచ్చి చెప్పుకోవచ్చని ప్రకటించగానే వందల మంది స్వయంగా తరలివచ్చారు. రాలేనివాళ్లు అర్జీలు పంపుకున్నారు. తెలుగు జిల్లాల్లో చాలా భాగం అప్పటికి ఆ ప్రెసిడెన్సీలోనే ఉండేది. వేళ్లను కర్రల మధ్య పెట్టి నొక్కడం, మెడను కాళ్లకు కట్టి ఎండలో వంచి నిలబెట్టడం లాంటి పద్ధతులన్నీ 1855 నాటి నివేదికలో నమోదయ్యాయి.

చరిత్రకారులు ఆ నివేదికను ఎక్కువగా హింస గురించిన పత్రంగానే చదివారు. అందులో మరో సంగతి కూడా ఉంది. దెబ్బతిన్నవాడికి మొర వినిపించుకునే దారే లేదని కమిషనర్లు గట్టిగా రాశారు. 1816 నాటి రెగ్యులేషన్ ప్రకారం తహసీల్దారే పోలీసు అధికారి, కలెక్టరే మేజిస్ట్రేటు. ఊళ్లో గ్రామాధికారి, తలారి వాళ్ల కింద పనిచేసేవారు. శిస్తు కోసం కొట్టిన చెయ్యీ, కొట్టారన్న ఫిర్యాదు అందుకునే చెయ్యీ ఒక్కటే. జిల్లా కేంద్రానికి వెళ్లి మొరపెట్టుకోవాలంటే దూరం, ఖర్చు, తిరిగొచ్చాక ఏమవుతుందోనన్న భయం అడ్డుపడేవి. ఇంతా రాసి కమిషనర్లు తప్పునంతా దేశీయ ఉద్యోగుల మీద వేశారు, తెల్లదొరలకు తెలియకుండానే ఇదంతా జరిగిందన్నట్టు నివేదిక ముగించారు. వలసపాలన తనను తాను కాపాడుకున్న తీరుగా దాన్ని తర్వాతి పరిశోధకులు విమర్శించారు.

నివేదిక ఫలితంగా 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం వచ్చింది. పోలీసును రెవెన్యూ నుంచి విడదీసి, ఇన్‌స్పెక్టర్ జనరల్ కింద ప్రత్యేక శాఖగా నిలబెట్టింది. రెండేళ్లకు, 1857 తిరుగుబాటు జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉండగా, భారత పోలీసు చట్టం 1861 అమల్లోకి వచ్చింది. సమాచారం సేకరించి పైకి పంపడం, శాంతికి భంగం కలగకుండా చూడడం, నేరగాళ్లను పట్టి కోర్టు ముందు నిలబెట్టడం పోలీసు విధులని ఆ చట్టం చెప్పింది. దోపిడీకి గురైన షావుకారు, కొట్టించుకున్న కూలీ, చెరపట్టబడ్డ స్త్రీ ఈ జాబితాలో కనిపించరు. అదే ఏడాది వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ మాత్రం వాళ్లకు ఒక చిన్న చోటు చూపించింది. స్టేషన్‌కు వచ్చి చెప్పిన నేర సమాచారాన్ని అధికారి కాగితం మీద పెట్టాలంది. 1898 కోడ్‌లో 154వ సెక్షన్‌గా స్థిరపడి, ఇవాళ ఎఫ్‌ఐఆర్ అని అందరి నోటా ఆడుతున్నది దాని వారసురాలే. అయితే ఆ కాగితం ఉద్దేశం నేరవార్త సర్కారుకు చేరడం. చేరవేశాక చెప్పినవాడి పని అయిపోయింది. ఇక కోర్టు సమన్లు వస్తే సాక్షిగా హాజరు కావడమే అతని వంతు.

ఈ నిర్మాణం స్వాతంత్ర్యంతో పోలేదు. 1859 చట్టం ఆంధ్ర ప్రాంతంలోనూ, నిజాం కాలపు 1329 ఫసలీ జిల్లా పోలీసు చట్టం తెలంగాణ ప్రాంతంలోనూ రాష్ట్రావతరణ తర్వాత కూడా కొనసాగాయి.

లెక్కల భయం

1902లో లార్డ్ కర్జన్ ప్రభుత్వం ఆండ్రూ ఫ్రేజర్ అధ్యక్షతన పోలీసు కమిషన్ వేసింది. పోలీసు శాఖలో లంచగొండితనం, దౌర్జన్యం ప్రబలాయని, ప్రజలకు పోలీసులంటే భయమేగాని నమ్మకం లేదని, దర్యాప్తు జోలికి రాకుండా తప్పించుకోవడానికే జనం చూస్తారని ఆ కమిషన్ నిర్మొహమాటంగా రాసింది. పోలీసును రెవెన్యూ నుంచి విడదీసి నలభై ఏళ్లు దాటినా, సొమ్ము పోగొట్టుకున్నవాడు స్టేషన్‌కు వెళ్లాలా వద్దా అని ఆలోచించుకోవాల్సిన స్థితే ఉందన్నమాట.

ఆ స్థితికి వ్యక్తుల దుర్మార్గం ఒక్కటే కారణం కాదు. స్టేషన్ పనితీరును పైఅధికారి నేరాల సంఖ్యతో కొలుస్తాడు. గత ఏడాదికన్నా దొంగతనాలు పెరిగితే సంజాయిషీ ఇచ్చుకోవాలి. కాబట్టి కేసు కట్టకపోవడం ఇన్‌స్పెక్టర్‌కు లాభం, కట్టడం నష్టం. ‘ఎస్సై గారు బందోబస్తుకు వెళ్లారు, రేపు రండి’, ‘ఇది సివిల్ గొడవ’, ‘పెద్దమనుషుల్లో కూర్చుని రాజీ పడండి’, ‘మా పరిధి కాదు’ అనే మాటల వెనక ఈ లెక్కే పనిచేస్తుంది. కాగితం రాసే రైటరుకూ, తీసుకోవద్దని సైగ చేసే అధికారికీ మధ్య నలిగిపోయేది మాత్రం అర్జీ పట్టుకుని బల్ల ముందు నిలబడ్డ మనిషి.

దేశాయ్‌గంజ్, నల్లకుంట

1970ల్లో రెండు స్టేషన్లు ఈ చరిత్రను మలుపు తిప్పాయి. ఒకటి మహారాష్ట్రలో ఆదిలాబాద్‌ను ఆనుకుని ఉన్న అప్పటి చంద్రపూర్ జిల్లాలోని దేశాయ్‌గంజ్. 1972 మార్చి 26 రాత్రి ఒక ఆదివాసీ బాలికను అక్కడికి పిలిపించారు. ఆమెను ఎవరో తీసుకుపోయారని సొంత అన్న ఇచ్చిన ఫిర్యాదు మీదే ఆమె స్టేషన్‌కు రావాల్సి వచ్చింది. వాంగ్మూలాలు అయ్యాక బంధువుల్ని బయటికి పంపి, ఆమెను లోపలే ఉంచారు. స్టేషన్ ఆవరణలోనే కానిస్టేబుల్ అత్యాచారం చేశాడని, హెడ్ కానిస్టేబుల్ లైంగిక దాడికి పాల్పడ్డాడని కేసు. సెషన్స్ కోర్టు నిందితుల్ని వదిలేసింది. బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి శిక్ష వేసింది. 1978 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ నిర్దోషులంది. ఒంటిమీద గాయాల్లేవు, కేకలు వేయలేదు కాబట్టి ఆమె సమ్మతించినట్టేనన్నది ఆ తీర్పు సారాంశం.

రెండోది హైదరాబాద్ నల్లకుంట. 1978 మార్చి చివర్లో రాత్రి సినిమా చూసి వస్తున్న భార్యాభర్తల్ని పోలీసులు పట్టుకుని స్టేషన్‌కు తీసుకెళ్లారు. భర్త రిక్షా తొక్కి బతికే మనిషి. భార్యపై స్టేషన్‌లో అత్యాచారం జరిగింది, అడ్డుకోబోయిన భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. ఆ వార్త పొక్కగానే వేల మంది శవంతో స్టేషన్ ముందుకు చేరారు. అల్లర్లు, కాల్పులు, కర్ఫ్యూ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్‌తో విచారణ కమిషన్ వేసింది. కమిషన్ ముందు పోలీసు పక్షం వాదనంతా బాధితురాలి నడవడి చుట్టూనే తిరిగింది. ఆమె వ్యభిచారిణి అని, వివాహమే చెల్లదని నిరూపించడానికి సాక్షుల్ని తెచ్చారు. అయినా కమిషన్ పోలీసులదే నేరమని తేల్చింది. తర్వాత కేసు విచారణ కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది, అక్కడ నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు.

దేశాయ్‌గంజ్ తీర్పును ప్రశ్నిస్తూ 1979లో ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతటా స్త్రీల సంఘాలు దాన్ని అందిపుచ్చుకున్నాయి. హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన లాంటి సంఘాలకు నల్లకుంట అప్పటికే అనుభవపాఠం. ఆ ఒత్తిడితో వచ్చిన 1983 చట్ట సవరణ కస్టడీలో అత్యాచారాన్ని విడి నేరంగా గుర్తించి ఎక్కువ శిక్ష పెట్టింది. అలాంటి కేసుల్లో సంభోగం రుజువై, తాను ఒప్పుకోలేదని బాధితురాలు కోర్టులో చెబితే ఆ మాటనే నమ్మి మొదలుపెట్టాలంది. విచారణ మూసిన గదిలో జరగాలని, ఆమె పేరు అచ్చువేయడం నేరమని కూడా చెప్పింది. ఇవన్నీ విలువైనవే. అయితే వీటిలో ఎక్కువ భాగం కోర్టు గదికి సంబంధించినవి. రాత్రివేళ స్టేషన్‌కు వచ్చిన స్త్రీతో ఎవరు మాట్లాడాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి, ఎప్పుడు పంపాలి అన్న ప్రశ్నలు 1983లో అలాగే మిగిలిపోయాయి.

స్టేషన్ గడప దగ్గరి మరో చిక్కుకు మాత్రం అప్పటికే వేరే చోట ఒక జవాబు తయారైంది. 1977లో ధర్మవీర అధ్యక్షతన ఏర్పడ్డ జాతీయ పోలీసు కమిషన్ 1980 నాటి నాలుగో నివేదికలో ఫిర్యాదులు నమోదు చేయని జబ్బును నేరుగా పట్టించుకుంది. నేరం ఎక్కడ జరిగినా, ఏ స్టేషన్‌కు వచ్చి చెప్పినా అక్కడే ఎఫ్‌ఐఆర్ రాసి, తర్వాత సంబంధిత స్టేషన్‌కు పంపేలా 154వ సెక్షన్‌ను సవరించాలంది. సిఫారసు సులభమైనదే, ఖర్చులేనిదే. అయినా చట్టంలోకి రావడానికి 44 ఏళ్లు పట్టింది.

కారంచేడు తర్వాత

1985 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి సాధారణ సభ నేరబాధితులకు న్యాయం గురించి ఒక ప్రకటనను ఆమోదించింది. బాధితుల్ని దయతో, గౌరవంతో చూడాలి, కేసు ఎంతవరకు వచ్చిందో చెప్పాలి, వాళ్ల గోప్యతను, భద్రతను కాపాడాలి, వైద్యం, పరిహారం అందేలా చూడాలి, ఇందుకు పోలీసులకు శిక్షణ ఇవ్వాలి అన్నవి అందులోని ముఖ్యాంశాలు. అదే ఏడాది జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో భూస్వాముల దాడిలో ఆరుగురు దళితులు చనిపోయారు. బతికినవాళ్లు చీరాలకు చేరి శిబిరం వేసుకున్నారు, ఊరికి తిరిగి వెళ్లబోమన్నారు. అక్కడ పుట్టిన దళిత మహాసభ ఉద్యమం రాష్ట్ర రాజకీయాల్నే కదిలించింది. బాధితులంటే ఒక ఇంటివాళ్లే కాదని, ఒక్కోసారి ఒక వాడంతా బాధితులేనని, వాళ్లకు కేసుతోపాటు కూడూ గూడూ భద్రతా కావాలని కారంచేడు చూపించింది.

1989లో పార్లమెంటు చేసిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని, 1995లో వచ్చిన దాని నిబంధనల్ని ఈ వెలుగులో చదవాలి. మన శాసనాల్లో బాధితుల పట్ల పోలీసు నడవడిని అంత వివరంగా రాసినవి అంతకుముందు లేవు. ఫిర్యాదును రాసుకుని, చదివి వినిపించి, సంతకం తీసుకుని, నకలు ఉచితంగా ఇవ్వాలి. డీఎస్పీకి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. కలెక్టరూ ఎస్పీ స్వయంగా ఆ చోటుకు వెళ్లి నష్టం అంచనా వేయాలి. బాధితులకు, సాక్షులకు దారిఖర్చులు, బత్తా ఇవ్వాలి. విధి నిర్వహణలో కావాలని నిర్లక్ష్యం చేసిన ఉద్యోగికి శిక్ష పడాలి. ఈ చట్టం అమల్లో ఉండగానే 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో, పోలీసులు ఊళ్లో మకాం వేసి ఉండగా, ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. బాధితుల పట్టుదల వల్ల ప్రత్యేక కోర్టు ఆ ఊళ్లోనే ఏర్పాటైంది. 2007లో ఆ కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది.

చట్టం రాసినంత మాత్రాన స్టేషన్ మారదన్న అనుభవంతోనే 2015లో సవరణ తెచ్చారు. ‘విధి’ అని ఒక్క మాటగా ఉన్నదాన్ని విడమరిచి, ఫిర్యాదు చదివి వినిపించడం నుంచి వాంగ్మూలం సరిగ్గా రాయడం దాకా ఒక్కో పనినీ పేరుపెట్టి చెప్పారు. బాధితుల, సాక్షుల హక్కుల కోసం ఒక అధ్యాయమే చేర్చారు.

బల్లకు అటువైపు మార్పు

మిగతా నేరాల్లో మార్పు ముక్కలు ముక్కలుగా వచ్చింది. రైలులో జవాన్ల అత్యాచారానికి గురైన ఇంటిపని స్త్రీల కేసులో 1994లో సుప్రీంకోర్టు కొన్ని సూచనలు చేసింది. బాధితురాలికి స్టేషన్‌లోనే న్యాయవాది సాయం ఉండాలని, ఆ హక్కు ఉందని పోలీసులే ఆమెకు చెప్పాలని, అందుకు సిద్ధంగా ఉన్న న్యాయవాదుల జాబితా స్టేషన్‌లో ఉంచాలని చెప్పింది. 2009 చివర్లో అమల్లోకి వచ్చిన సవరణలు ‘బాధితుడు’ ఎవరో మొదటిసారిగా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో నిర్వచించాయి. ప్రతి రాష్ట్రం పరిహార పథకం పెట్టాలన్నాయి. నిందితుడు దొరక్కపోయినా, కేసు వీగిపోయినా పరిహారం అడిగే వీలు కల్పించాయి. అత్యాచార బాధితురాలి వాంగ్మూలాన్ని ఆమె ఇంట్లోగాని, ఆమె కోరుకున్న చోటగాని, వీలైనంతవరకు మహిళా అధికారే తీసుకోవాలన్నాయి. పిల్లలపై లైంగిక నేరాల గురించిన 2012 నాటి పోక్సో చట్టం మరో అడుగు వేసింది. పిల్లల మాట వినే అధికారి యూనిఫాంలో ఉండకూడదు. బిడ్డ నిందితుడి కంటపడకూడదు. ఏ కారణంతోనైనా రాత్రిపూట బిడ్డను స్టేషన్‌లో ఉంచకూడదు. ఖాకీ బట్టలు కూడా బాధితుల మీద ఒత్తిడేనని రాజ్యం ఒప్పుకున్న అరుదైన సందర్భమిది.

2012 డిసెంబరు 16 ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత జస్టిస్ వర్మ కమిటీ నెల రోజుల్లో నివేదిక ఇచ్చింది. 2013 సవరణ చట్టం దాని నీడలో వచ్చింది. లైంగిక దాడి, యాసిడ్ దాడి వంటి కొన్ని నేరాల్లో ఫిర్యాదు రాసుకోని పోలీసు ఉద్యోగికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా కఠిన శిక్ష పెట్టింది. అతన్ని ప్రాసిక్యూట్ చేయడానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదంది. ఏ ఆసుపత్రి అయినా ఇలాంటి బాధితులకు ఉచితంగా చికిత్స చేయాలంది. అదే ఏడాది నవంబరు 12న లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, కాగ్నిజబుల్ నేరం, అంటే వారంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరం, వెల్లడైతే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అని, రాసుకోని అధికారిపై చర్య తీసుకోవాలని తీర్పు చెప్పింది. కూతురు కనిపించడం లేదని వెళ్లిన తండ్రి మాటను ఉత్తరప్రదేశ్‌లో ఒక స్టేషన్ పట్టించుకోకపోవడమే ఆ కేసుకు మూలం.

ఆరేళ్ల తర్వాత, 2019 నవంబరు 27 రాత్రి, శంషాబాద్ దగ్గర దాదాపు అదే జరిగింది. ఒక పశువైద్యురాలు ఇంటికి రాలేదని కుటుంబం స్టేషన్‌కు వెళ్లింది. అది తమ పరిధిలోకి రాదని వాళ్లను మరో స్టేషన్‌కు పంపారు. మర్నాడు ఆమె శవం దొరికింది. ‘దిశ’ అన్న పేరుతో దేశానికి తెలిసిన ఈ అత్యాచారం, హత్య కేసులో, ఫిర్యాదు తీసుకోవడంలో జాప్యం చేసినందుకు ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు. డిసెంబరు 6న నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ మాత్రం, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని తేల్చింది. ఆ కుటుంబం స్టేషన్ బల్ల ముందు నిలబడి అడిగింది వెతకమనే. ఆ కోరిక తీర్చలేని వ్యవస్థ, వాళ్లు ఆ బల్ల ముందు అడగని దాన్ని తొమ్మిది రోజుల తర్వాత వాళ్ల పేరు మీద చేసింది. బాధితులకు అండగా నిలవడం అంటే నిందితుడి మీద కసి తీర్చుకోవడమేనన్న పొరపాటు ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఆ కాల్పులతో కేసు కోర్టు దాకా రాకుండానే ముగిసింది, ఏం జరిగిందో విచారణలో తేలే అవకాశం కుటుంబానికీ లేకుండా పోయింది.

హైదరాబాద్ నగరంలో మరో దారి కూడా అప్పటికే మొదలైంది. 2014 అక్టోబరులో మహిళలపై వేధింపుల్ని అడ్డుకునే షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు, 2016 మేలో భరోసా కేంద్రం వచ్చాయి. బాధితురాలు స్టేషన్, ఆసుపత్రి, కోర్టు, కౌన్సెలర్ అని నాలుగు గుమ్మాలు తిరగకుండా, వైద్యం, న్యాయసలహా, మానసిక సాయం, వాంగ్మూలం ఒకే కప్పు కింద జరగాలన్నది భరోసా ఆలోచన. చెప్పిన కథనే పదిమందికి పదిసార్లు చెప్పాల్సి రావడం బాధితులకు రెండో గాయమని గుర్తించి కట్టిన ఏర్పాటిది. అయితే ఇలాంటి కేంద్రానికి చేరాలన్నా చాలామంది ముందు మామూలు స్టేషన్ గడప దాటాల్సిందే.

కొత్త కోడ్, పాత బల్ల

పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని స్పష్టంగా చెప్పింది. 1980 నాటి సిఫారసు అలా చట్టమైంది. ఆన్‌లైన్‌లో పంపి మూడు రోజుల్లో సంతకం చేయవచ్చు. ఎఫ్‌ఐఆర్ నకలు బాధితులకు ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు వాళ్లకు తెలియజేయాలి. 1861లో సమాచారం కింది నుంచి పైకి మాత్రమే ప్రయాణించేది. ఇప్పుడు అది బాధితుల దగ్గరికి తిరిగి రావాలని చట్టం అంటున్నది. 

కొత్త కోడ్‌లో వెనకడుగూ ఉంది. మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాల్లో, డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ జరిపి, ఆ తర్వాత కేసు కట్టాలో లేదో చూడవచ్చు. లలితా కుమారి తీర్పు చాలావరకు మూసిన తలుపును ఇది మళ్లీ ఓరగా తెరిచింది. ఫిర్యాదు రాసుకోకపోతే జైలు అన్న నిబంధన కూడా ఎంచిన కొన్ని నేరాలకే పరిమితం. ఇల్లు గుల్లయిన ముసలాయనకూ, చిట్టీ డబ్బు పోగొట్టుకున్న కూలీకీ, ఆన్‌లైన్ మోసంలో పొదుపంతా పోయిన ఉద్యోగికీ అది వర్తించదు. వాళ్లు ఎస్పీకి రాసుకోవాలి, కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవాలి. దూరం, ఖర్చు, భయం అన్న 1855 నాటి అడ్డంకులు వాళ్లకు ఇంకా ఉన్నాయి.

ఈ 170 ఏళ్ల చరిత్రలో ఒక క్రమం కనబడుతుంది. బాధితుల్ని గౌరవించాలని పోలీసులకు ఉపదేశించిన చోట పెద్దగా మారిందేమీ లేదు. ఏ పని చేయాలి, ఎవరు చేయాలి, ఎంతలోగా చేయాలి, చేయకపోతే ఏమవుతుంది అని చట్టం విడమరిచిన చోట, ఆలస్యంగానైనా, నిలదీసి అడగడానికి బాధితుల చేతికి ఒక ఆధారం దొరికింది. ఎస్సీ, ఎస్టీ చట్టం, పోక్సో చూపిన దారి అదే. వాటిలో కొందరికే ఉన్న రక్షణను అన్ని నేరాల బాధితులకూ విస్తరించడం ఇక చట్టసభల పని. చట్టం చేయలేనిది, శాఖ మాత్రమే చేయగలిగినది ఇంకొకటుంది. కేసులు పెరిగితే తప్పుపట్టే కొలమానాన్ని వదిలి, వచ్చిన ఫిర్యాదు ఎంత త్వరగా నమోదైంది, ఫిర్యాదికి ఎన్నిసార్లు కబురు అందింది అన్నవాటిని స్టేషన్ పనితీరుకు కొలతగా పెట్టుకోవాలి. ఫ్రేజర్ కమిషన్ కాలం నుంచి ప్రతి సంస్కరణా ఇక్కడికి వచ్చే ఆగింది. ఆ కొలమానం మారనంతవరకు, బల్ల వెనక కూర్చున్న మంచి అధికారికి సైతం ఫిర్యాది మాట కాగితం మీద పెట్టడం ఉద్యోగానికి నష్టంగానే కనబడుతుంది.